బంగారు తాళంచెవి: గుర్తించే హక్కు ఎవరిది?

రొద్దం, పెనుకొండ, హిందూపురం దిక్కున మాల మాదిగ వాడల్లోంచి ఒక పిల్లోడో పిల్లో యూనివర్సిటీ దాకా పోతే ఊర్లో రెండు మాటలు పుడతాయి. ఒకటి, "కోటాలో వచ్చింటాడు లే" అనేది. రెండోది, మార్కుల కాగితం చూపించి నోరు మూయించినాక వచ్చే మాట: "వీడు ఆ కులంలో పుట్టాల్సినోడు కాదప్పా". మొదటిది తిట్టు. రెండోది పొగడ్త మాదిరి వినబడుతుంది గానీ తిట్టుకన్నా లోతుగా దిగుతుంది. ఎందుకంటే అది ఒక మనిషిని గుర్తిస్తూనే, ఆ మనిషి పుట్టిన వాడను గుర్తించేది లేదు పొమ్మంటుంది. మొదటి మాటకు జవాబు చెప్పడం మన ఉద్యమాలకు తెలుసు. 1990 మండల్ గొడవల నుంచి చెప్తానే ఉన్నాం. రెండో మాటకు జవాబు వెదకాలంటే "ప్రతిభ"ను గుర్తించే పని ఎవరి చేతిలో ఉంది, అది వాళ్ళ చేతికి ఎట్లా పోయింది అనే చరిత్రలోకి దిగాల.

అందుకు మేము అమెరికా దాకా పోతున్నాం. ప్రతిభను గుర్తించే పనిని ఒక సంఘంగా పెట్టుకుని, నియమావళి రాసుకుని, బంగారు గుర్తు తగిలించి దాదాపు రెండు వందల యాభై ఏండ్లుగా నడుపుతున్న దేశం అది. మన యూనివర్సిటీల్లో గోల్డ్ మెడల్, ర్యాంకు, కాన్వకేషన్ చప్పట్లు చేసే పనిని అక్కడ ఈ "గౌరవ సంఘాలు" చేస్తాయి. అక్కడ నల్లవాళ్ళ యూనివర్సిటీలకు జరిగింది చూస్తే ఇక్కడ మనకు జరుగుతున్నది తేటగా కనబడుతుంది.

ఆ సంఘాల్లో అన్నిటికన్నా పాతది ఫై బీటా కప్పా. ఇవి మూడు గ్రీకు అక్షరాలు. జ్ఞానంమీది ప్రేమే బతుక్కు దారి చూపేది అని వాటి వెనకున్న అర్థం. 1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు దీన్ని పెట్టుకున్నారు. మనుషులంతా సమానమని అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చాటి అప్పటికి ఐదు నెలలు. ఆ కాలేజీ మాత్రం నల్లజాతి బానిసల రెక్కలమీద నడిచేది. వంట వాళ్ళదే, ఊడ్పు వాళ్ళదే, కట్టెలు మోసేది వాళ్ళే. జ్ఞానంమీద ప్రేమ గురించి పిల్లదొరలు రాత్రిపూట మాట్లాడుకుంటుంటే దీపంలో నూనె పోసిన చేతులు ఎవరివో ఆ సంఘం చరిత్ర చాలాకాలం అడగలేదు. మొదట్లో అది రహస్య సంఘం. 1831 తర్వాత రహస్యం వదిలేసి, చదువులో ముందున్న విద్యార్థులను ఏరి గౌరవించే సంఘంగా నిలబడింది.

దీని పని తీరు కొంచెం వివరంగా చెప్పుకోవాల, కథంతా అందులోనే ఉంది. ఎంత చదివినా ఎవరూ దరఖాస్తు పెట్టుకుని ఈ సంఘంలో చేరలేరు. ఆ యూనివర్సిటీలో సంఘం శాఖ ఉండాల. దాన్నే "చాప్టర్" అంటారు. ఆ చాప్టర్‌లో ఉన్న అధ్యాపకులు తమ విద్యార్థుల్లోంచి పైమెట్టువాళ్ళను, సుమారు పదోవంతుకు మించకుండా, ఎన్నుకుంటారు. ఎన్నికైనవాళ్ళకు ఒక చిన్న బంగారు తాళంచెవి వస్తుంది. వెనకటి మగవాళ్ళు దాన్ని గడియారం గొలుసుకు తగిలించుకునేవాళ్ళు. మరి చాప్టర్ ఎట్లా వస్తుంది? అప్పటికే ఈ సంఘ సభ్యులైన అధ్యాపకులు ఆ కాలేజీలో ఉండి అడగాల. కేంద్ర సంఘం వచ్చి లైబ్రరీ ఎంత, అధ్యాపకుల డిగ్రీలేమి, కాలేజీకి ఆస్తి ఎంత అని చూస్తుంది. ఆమీదట మూడేండ్లకోసారి జరిగే మహాసభలో అప్పటికే చాప్టర్లున్నవాళ్ళు ఒప్పుకుంటే వస్తుంది. అంటే లోపలున్నోళ్ళు సరేనంటేనే బయటోళ్ళు లోపలికి. మన ఊరి గుడి వ్యవహారం తెలిసినవాళ్ళకు ఇంతకన్నా విడమరచి చెప్పే పని లేదు.

తెల్లవాళ్ళ కాలేజీల్లో చదివిన నల్లవాళ్ళకు ఒక్కొక్కరికి ఈ తాళంచెవి చాలా ముందే అందింది. ఎడ్వర్డ్ బౌచెట్ 1874లో యేల్ నుంచి పట్టా పుచ్చుకున్నాడు. 124 మంది తరగతిలో ఆరో స్థానం. 1876లో అక్కడే భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ తీసుకున్నాడు. అమెరికాలో పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. యేల్‌లో అప్పటికి మూలబడి ఉన్న చాప్టర్‌ను 1884లో లేపినప్పుడు ఆయన్నూ ఎన్నుకున్నారు. ఆయనకన్నా ముందే, 1877లో, వర్జీనియాలో బానిసగా పుట్టిన జార్జ్ వాషింగ్టన్ హెండర్సన్‌ను వెర్మాంట్ యూనివర్సిటీ చాప్టర్ ఎన్నుకుంది. 1875లో ఆడవాళ్ళను మొదటిసారి ఎన్నుకున్నది కూడా ఆ చాప్టరే.

ఇంత గౌరవం పొందిన బౌచెట్ ఏమైనాడు? పీహెచ్‌డీ పట్టుకున్న మనిషికి ఏ తెల్ల యూనివర్సిటీలోనూ పాఠం చెప్పే పని దొరకలేదు. ఫిలడెల్ఫియాలో నల్లపిల్లల బడిలో ఇరవై ఆరేండ్లు సైన్సు చెప్పినాడు. 1902లో ఆ బడివాళ్ళు కాలేజీకి పంపే చదువును ఎత్తేసి చేతిపనుల చదువు మొదలుపెట్టినప్పుడు ఆ పని కూడా పోయింది. తాళంచెవి ఉంది, అది తెరిచే తలుపు లేదు.

నవలా రచయిత్రి జెస్సీ ఫాసెట్ కథా అట్లాంటిదే. 1905లో కార్నెల్ నుంచి తాళంచెవితో బయటికొచ్చిన ఆమె వాషింగ్టన్‌లో నల్లపిల్లల హైస్కూల్లో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుంది.

ఇట్లాంటివాళ్ళంతా చివరికి యాడ చేరినారు? ఎక్కువమంది హోవర్డ్ యూనివర్సిటీలో. వాషింగ్టన్‌లో 1867లో పెట్టిన నల్లవాళ్ళ యూనివర్సిటీ అది. తత్వశాస్త్రం చెప్పిన అలైన్ లాక్ 1907లో హార్వర్డ్ నుంచి తాళంచెవి తెచ్చుకున్నవాడు, రోడ్స్ స్కాలర్‌షిప్ పొందిన మొదటి నల్లజాతి మనిషి. జీవశాస్త్రం చెప్పిన ఎర్నెస్ట్ జస్ట్ అదే ఏడు డార్ట్‌మత్‌లో తెచ్చుకున్నాడు. కణాలమీద ఆయన చేసిన పరిశోధనను యూరప్ నెత్తిన పెట్టుకుంది గానీ సొంత దేశంలో ఏ తెల్ల యూనివర్సిటీ కుర్చీ వేయలేదు. చరిత్ర చెప్పిన రేఫోర్డ్ లోగన్, కవి స్టెర్లింగ్ బ్రౌన్ ఇద్దరూ విలియమ్స్ కాలేజీ నుంచి, న్యాయశాస్త్రం చెప్పిన చార్లెస్ హూస్టన్ ఆమ్‌హర్స్ట్ నుంచి, రాజనీతి చెప్పిన రాల్ఫ్ బంచ్ కాలిఫోర్నియా నుంచి ఆ గుర్తుతోనే వచ్చినవాళ్ళు. బంచ్ 1950లో నోబెల్ శాంతి బహుమతి పుచ్చుకున్న మనిషి. ఇంతమంది తాళంచెవులున్న అధ్యాపకులు ఆ కాలంలో చాలా తెల్ల కాలేజీల్లోనే ఉండరు.

అయినా హోవర్డ్‌కు చాప్టర్ లేదు. దీన్ని పాఠకులు నిలబడి చూడాల. అలైన్ లాక్ గొలుసుకు బంగారు తాళంచెవి వేలాడతా ఉండొచ్చు. ఆయన ముందు బెంచీమీద కూచున్న విద్యార్థి ఆయనంత తెలివైనవాడు కావొచ్చు. ఆ విద్యార్థిని నువ్వూ మాలో ఒకడివి అని పిలిచే హక్కు మాత్రం లాక్‌కు లేదు. ఆయన్ను గుర్తించినారు, గుర్తించే అధికారం ఇవ్వలేదు. మేధావిగా ఒప్పుకున్నారు, మేధను కొలిచేవాడిగా ఒప్పుకోలేదు. మొదట్లో చెప్పుకున్న మన ఊరి రెండో మాట ఇదే. వీడు వేరు, వీడి వాడ వేరు.

డబ్ల్యు.ఇ.బి. డు బాయిస్ సంగతి ఇంకా విచిత్రం. టెనెసీ రాష్ట్రంలో 1866లో పెట్టిన ఫిస్క్ అనే నల్లవాళ్ళ కాలేజీలో 1888లో పట్టా, హార్వర్డ్‌లో 1890లో మళ్ళీ పట్టా, 1895లో అదే హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ. అక్కడ ఆ డిగ్రీ పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆయన. హార్వర్డ్ చాప్టర్ ఆయన్ను ఎన్నుకోలేదు. ఫిస్క్‌లో చాప్టరే లేదు. ఈ డు బాయిస్‌కే 1946లో అంబేద్కర్ ఉత్తరం రాసినాడు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న విన్నపం ప్రతి కావాలని అడిగినాడు. మనవాళ్ళ సమస్యను కూడా అట్లా ప్రపంచం ముందు పెట్టాలన్నది ఆయన ఆలోచన. డు బాయిస్ వెంటనే జవాబు రాసినాడు. న్యూయార్క్ కొలంబియాలో 1913 నుంచి 1916 దాకా చదివిన అంబేద్కర్‌కు నల్లవాళ్ళ స్థితి పుస్తకాల్లో మాత్రమే తెలిసింది కాదు.

ఎదురుచూసి ఎదురుచూసి నల్లవాళ్ళ కాలేజీలు ఒక పని చేసినాయి. వాళ్ళు పిలవకపోతే పోనీలే, మన పిల్లలను మనమే గౌరవించుకుంటామన్నాయి. 1937 నవంబర్ 26న నాష్‌విల్‌లోని టెనెసీ వ్యవసాయ పారిశ్రామిక కాలేజీలో డీన్ జార్జ్ గోర్ పిలుపుమీద ఐదు నల్ల కాలేజీల ప్రతినిధులు కూడి గౌరవ సంఘాల సమాఖ్య పెట్టుకున్నారు. తర్వాత దానికి ఆల్ఫా కప్పా మ్యు అని పేరొచ్చింది. ఒకరిచ్చిన పేరు కాదు, తాము పెట్టుకున్న పేరు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు పంచములం కాదు ఆది ఆంధ్రులం అని తేల్చుకున్నదీ ఇట్లాంటి పనే. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకోక తప్పలేదు. హైదరాబాద్‌లో ఆయన బడులు పెట్టి నడిపింది కూడా ఎవరో వచ్చి మన పిల్లలను మంచి విద్యార్థులంటారని కాచుకోకుండానే.

ఇక్కడ తేదీల దగ్గర ఒక్క క్షణం ఆగుతాం. నాష్‌విల్ సమావేశానికి సరిగ్గా పది రోజుల ముందు, 1937 నవంబర్ 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు కేంద్రాలు ఉండాలని అందులో రాసుకున్నారు. దీనికీ ఒక వెనక కథ ఉంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినా కొన్నేండ్లకే రాయలసీమ కాలేజీలు తిరిగి మద్రాసు కిందికి పోయినాయి. సీమకు తన చదువును తాను కొలుచుకునే అధికారం లేదు. కోస్తావాళ్ళమీద సీమ పెద్దల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఆ కాగితంమీద సంతకం పెట్టినవాళ్ళలో హిందూపురం తాలూకా మనిషి కల్లూరు సుబ్బారావు ఉన్నాడు, పప్పూరు రామాచార్యులు ఉన్నాడు, కడప కోటిరెడ్డి ఉన్నాడు. వాడల మనిషి ఒక్కడు లేడు. సీమకు కావాలని వాళ్ళు అడిగిన హక్కును సీమలోపల వాడలకు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఒడంబడిక ఫలం ఎప్పుడొచ్చింది? 1968లో, ముప్పై ఒక్క ఏండ్ల తర్వాత, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ సెంటర్‌గా. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. అంతకుముందు జిల్లాకు పెద్ద చదువంటే అనంతపురంలో 1916లో పెట్టిన దత్తమండలాల కాలేజీయే. పెన్న ఒడ్డున రొద్దం నుంచి ఒక కూలి బిడ్డ ఆ కాలేజీకి చేరాలంటే ముందు హైస్కూలుకే ఊరు దాటాల, ఆమీద అనంతపురంలో తిండికి, పండుకునే చోటుకు దారి వెదుక్కోవాల. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య ఆ కాలేజీలోనే చదివి, మద్రాసులో లా చేసి, 1960లో ముఖ్యమంత్రి అయినాడు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ఆయన గురించి రాసేవాళ్ళు ఆయన తెలివిని పొగుడుతారు. 1944 నుంచి కేంద్రం ఇవ్వడం మొదలుపెట్టిన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు, ఆ తర్వాత వచ్చిన హాస్టళ్ళు లేకపోతే ఎంతమంది సంజీవయ్యలు వేరుశనగ చేన్లలోనే మిగిలిపోయేవాళ్ళో అని అడిగేవాళ్ళు తక్కువ.

తిరిగి హోవర్డ్‌కు వద్దాం. చాప్టర్ 1953లో వచ్చింది. ఫిస్క్‌కూ అదే ఏడాది. లాక్ దానికోసం చాలా పాటుపడినాడు. ఆయన చేతికి అది వచ్చేటప్పటికి పదవీ విరమణ చేసే ఏడు వచ్చేసింది. 1954లో చనిపోయినాడు. జస్ట్ 1941లోనే, హూస్టన్ 1950లోనే పోయినారు. తాళంచెవులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడిన తరంలో సగంమంది తలుపు తెరుచుకోవడం చూడలేదు. ఆ 1953 జనవరి 12నే ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అంతకుముందు ఏడు కొలంబియా ఇచ్చింది. ఒకే సంవత్సరంలో వాషింగ్టన్‌లో ఒక యూనివర్సిటీకి, హైదరాబాద్‌లో ఒక మనిషికి గౌరవం దక్కింది. రెండూ ఒకటి కావు. హోవర్డ్‌కు వచ్చింది ఇకమీద ఏటేటా తన పిల్లలను తానే ఎన్నుకునే హక్కు. అంబేద్కర్‌కు ఇచ్చింది ఆ రోజుతో అయిపోయే సన్మానం. మనవాళ్ళు ఇప్పటికీ రెండోదానికే ఎక్కువ పూలదండలు కొంటారు.

ఆ హక్కు కూడా నల్లవాళ్ళందరికీ ఒకేసారి రాలేదు. అట్లాంటాలో పక్కపక్కనే రెండు కాలేజీలున్నాయి. మోర్‌హౌస్ మగపిల్లలది, స్పెల్మన్ ఆడపిల్లలది. మోర్‌హౌస్‌కు 1968లో చాప్టర్ వస్తే స్పెల్మన్‌కు 1990ల చివరిదాకా రాలేదు. వాడలోపల ఆడవాళ్ళ సంగతి ఎప్పుడూ రెండో విడతే అనేదానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఇంతవరకు విన్నవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాల కూడా. ఈ తాళంచెవులు, గ్రీకు అక్షరాలు, పదిమందిలో ఒకడిని ఏరి మెడలో బంగారం వేయడం, ఇదంతా వాడకేం ఒరగబెట్టింది? ఈ ప్రశ్న నల్లవాళ్ళే వేసుకున్నారు. హోవర్డ్‌లోనే సమాజశాస్త్రం చెప్పిన ఫ్రాంక్లిన్ ఫ్రేజర్ 1957లో ఇంగ్లీషులో వచ్చిన నల్ల బూర్జువా వర్గంమీది పుస్తకంలో, చదువుకున్న నల్లవాళ్ళ సంఘాలు, విందులు, హోదాల ఆటను చీల్చి చెండాడినాడు. డు బాయిస్ 1903లో ప్రతిభగల పదోవంతుమంది జాతిని లేపుతారని రాసినవాడే. 1948లో, చదువుకున్న నల్ల పెద్దమనుషుల సంఘం ఒకటి పిలిస్తే పోయి, వాళ్ళ ముఖంమీదే ఆ నమ్మకాన్ని తిరగరాసినాడు. చదువు ఒక్కటే చాలదని, త్యాగం చేసే గుణం లేకపోతే ఆ పదోవంతు తన కడుపే చూసుకుంటుందని ఆయన మాటల సారం. 1956లో ఆగ్రా సభలో అంబేద్కర్ మన చదువుకున్న ఉద్యోగస్తులమీద పడిన బాధ కూడా ఇదే.

ఈ విమర్శను మేము ఒప్పుకుంటాం, సగందాకా. తాళంచెవిని మెడలో వేసుకుని తిరిగేవాడిమీద అది సరైన విమర్శే. తాళంచెవులు చేసే కొలిమి ఎవరిది అనే ప్రశ్న దానితో తీరిపోదు. లాక్ తరం చాప్టర్ కోసం పాకులాడింది తమ గొలుసుకోసం కాదు, అది వాళ్ళకు ముందే ఉంది. తమ ముందు కూచున్న పిల్లలను కొలిచే అధికారంకోసం. 1958లో ఫిస్క్ చాప్టర్ ఆ అధికారంతో చేసిన ఒక పని చూడండి. డు బాయిస్‌ను సభ్యుడిగా ఎన్నుకుంది. ఆయనకు అప్పుడు తొంభై ఏండ్లు. శాంతికోసం పని చేసినందుకు 1951లో ప్రభుత్వం కేసు పెట్టిన మనిషి, ఏండ్లతరబడి పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపిన మనిషి. హార్వర్డ్ చేయని పని నల్లవాళ్ళ కాలేజీ చేసింది, ఆ పేరు పలకడానికే జనం జంకే కాలంలో.

మన దగ్గర గ్రీకు అక్షరాల సంఘాలు వేళ్ళూనలేదు. కానీ చాప్టర్లున్నాయి. వాటిని డిపార్ట్‌మెంట్లంటారు. సీటు ఇచ్చేది, గైడును కేటాయించేది, వైవా పెట్టేది, మార్కు వేసేది, రేపు ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేది ఆ డిపార్ట్‌మెంటే. రోహిత్ వేముల హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి జనరల్ మెరిట్‌లోనే వచ్చినాడు. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేసినప్పుడు ఆ మెరిట్ ఆయన్ను కాపాడలేదు. ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. అక్కడ 1993లో పుట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మన పిల్లలు తమకు తాము పెట్టుకున్న సంఘం. అది పోరాడగలదు, గానీ మార్కులు వేసే బల్ల అవతల దానికి కుర్చీ లేదు.

ఆ కుర్చీల లెక్క ఎట్లా నడుస్తుందో చివరగా చెప్పాల. అధ్యాపక పోస్టుల రిజర్వేషన్‌కు యూనివర్సిటీ మొత్తాన్ని ఒక లెక్కగా తీసుకోవాలా, ఒక్కో డిపార్ట్‌మెంటును ఒక్కో లెక్కగా తీసుకోవాలా అన్నది పైకి గుమాస్తా పనిలాగ కనబడుతుంది. 2017లో అలహాబాద్ హైకోర్టు డిపార్ట్‌మెంటే లెక్క అన్నది. 2018 మార్చిలో యూజీసీ అట్లాగే ఉత్తర్వు ఇచ్చింది. 13 పాయింట్ల రోస్టర్ ప్రకారం నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. ఆరు పోస్టులున్న డిపార్ట్‌మెంటులో తొలి నియామకాల్లో ఎస్సీకి ఒక్కటీ రాదు. ఎస్టీకి రావాలంటే పద్నాలుగు పోస్టులున్న డిపార్ట్‌మెంటు కావాల, అంత పెద్దవి ఎన్నుంటాయి? దేశమంతా గోల చేస్తే 2019లో పార్లమెంటు చట్టం తెచ్చి సంస్థ మొత్తాన్నే మళ్ళీ లెక్కగా చేసింది. అయితే ఆ చట్టం కేంద్ర సంస్థలకే. 2018లో అనంతపురంలో మొదలైన కేంద్ర విశ్వవిద్యాలయానికి అది వర్తిస్తుంది. అదే ఊరి పక్కన ఇటుకలపల్లి దగ్గరున్న శ్రీకృష్ణదేవరాయ రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి ఆ చట్టం కిందికి రాదు. రొద్దం నుంచి పోయే పిల్లలు ఎక్కే బస్సు ఒకటే, దిగే గేటునుబట్టి చట్టం మారుతుంది.

ఇంక ఇంటర్వ్యూ బోర్డు. యూజీసీ నిబంధనల ప్రకారం అభ్యర్థుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, వికలాంగుల్లో ఎవరైనా ఉండి, బోర్డులో ఆ వర్గాల మనిషి లేకపోతే, వాళ్ళందరి తరఫున ఒక అధ్యాపకుడిని కూచోబెట్టాల. ఆరు వర్గాలకు ఒక్క మనిషి. ఆ మనిషిని ఎంచుకునేది వైస్ చాన్సలర్.